దీపం ఆర్పాక కనిపించిన రాయి

సూరత్‌లో వజ్రాన్ని చేత్తో పట్టుకునేవాళ్ళు దాన్ని వజ్రం అనరు. ‘హీరా’ అంటారు, లేకపోతే సరుకు అన్నట్టు ఉత్త ‘మాల్’ అంటారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చదివి ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆ మాట వింటే ఏదో చిన్నతనంగా అనిపించేది. తర్వాత నాకూ అదే అలవాటైంది.

మాది వరాఛా వైపు ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు. పరీక్షల గది. భూమిలోంచి తీసిన అసలు వజ్రాల పొట్లాల్లో ల్యాబ్‌లో తయారైన రాళ్ళు కలిశాయేమో చూసి చెప్పడం మా పని. కంటికి రెండూ ఒకటే. భూతద్దానికీ ఒకటే. రెండూ కార్బన్ మూలకమే కాబట్టి బరువులోనూ గట్టితనంలోనూ తేడా దొరకదు. తేడా బయటపెట్టేది వెలుగు. కంటికి కనిపించని యూవీ కాంతి పడినప్పుడు ఒక్కో రాయి ఒక్కో రకంగా స్పందిస్తుంది. కొన్ని ఏమీ చేయవు. కొన్ని నీలంగా వెలుగుతాయి. విపరీతమైన ఒత్తిడిలో తయారుచేసే ఒక రకం ల్యాబ్ రాయి మాత్రం దీపం ఆర్పేసిన తర్వాత కూడా కాసేపు మిణుకుతూనే ఉంటుంది. తయారీలో దానిలో చేరిన లేశమంత బోరాన్ వల్ల అలా జరుగుతుంది. అసలు రాళ్ళలో ఆ గుణం చాలా అరుదు.

ఆ గదిలో నాతో పాటు ఒక అక్క పనిచేసేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. రాళ్ళను ట్వీజర్‌తో తీసి వరసగా పేర్చడం, పొట్లాలు కట్టడం ఆమె పని. మా నాన్నలాగే వాళ్ళాయన కూడా కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి ఇక్కడికి వచ్చినవాడే. మేమిద్దరం మేముండే లింబాయత్ నుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్ళం. గదిలో ఇంకెవరికీ తెలుగు రాదు కాబట్టి మా మాటలకు అడ్డూ అదుపూ ఉండేది కాదు.

అది వానాకాలం. ఆ రోజు ఉదయం నేను ముందే వచ్చేశాను. అక్క ఆలస్యంగా, నెత్తి నుంచి పాదాల దాకా తడిసి వచ్చింది.

“ఏందక్కా, గిట్ల తడిసినవ్?”

“గొడుగు ఇరిగింది చెల్లే. పాడు వాన. ఆటోల నుంచి దిగంగనే కుమ్మరించింది.”

గోడకు తగిలించి ఉంచే ఆమె కాటన్ ఏప్రన్ ఉతకడానికి వెళ్ళి, ఆరక, తేమగానే తిరిగొచ్చింది. ఒంటి మీది కాటన్ చీర పిండితే నీళ్ళు కారుతున్నాయి. చేతి సంచిలో మాత్రం కొత్త చీరొకటి ఉంది. ముందురోజు రింగ్ రోడ్ మార్కెట్లో కొన్న ముదురు ఎరుపు సింథటిక్ చీర. ఫాల్ కుట్టించడానికి తెచ్చుకుంది. బాత్రూములో అదే కట్టుకుని వచ్చి కూర్చుంది. ఏప్రన్ లేకుండా రాళ్ళ దగ్గర కూర్చోకూడదని రూలు ఉంది. కానీ తడి ఏప్రన్ వేసుకుంటే రాళ్ళకు నీళ్ళంటుకుంటాయి. వద్దులే అక్కా అని నేనే అన్నాను.

ఆ ఉదయం పరీక్షకు వచ్చిన పొట్లం ఒక దలాలుది, అంటే వజ్రాల దళారిది. దాన్ని పైకి తెచ్చి ఇచ్చినవాడు అక్క మరిది. అతను ఆ దలాలు దగ్గర డ్రైవరుగా, అన్ని పనులకూ మనిషిగా ఉంటున్నాడు. మెట్ల మీద వదినా మరిదీ కాసేపు నవ్వుకుంటూ మాట్లాడుకున్నారు. మా మేనేజరు పక్కనుంచి పోతూ వాళ్ళను చూశాడు.

పొట్లంలోని రాళ్ళు ఆవగింజ కంటే చిన్నవి. పరీక్ష యంత్రం వాటినన్నిటినీ చూసి ఒక్కదాన్ని పట్టుకుంది. యూవీ దీపం కింద పెట్టి ఆర్పి చూశాను. ఆకుపచ్చా నీలమూ కలిసిన వెలుగు నెమ్మదిగా ఆరిపోయింది. ల్యాబ్ రాయి. శేఠ్‌కు కబురు పెట్టాను. శేఠ్ అంటే మా యజమాని, ముసలాయన, గుజరాతీ. మాట తక్కువ. ఆయన వచ్చి చూసి, “దలాల్‌ను సాయంత్రం రమ్మంటాను. అతని కళ్ళ ముందే చూపించాలి. అప్పటిదాకా ఈ రాయి జాగ్రత్త” అని వెళ్ళిపోయాడు. కాగితం మీద గీతలు చూపిస్తే, మీ యంత్రమే తప్పు అనేస్తారు దలాళ్ళు. రాయి ఎదురుగా ఉండాలి.

ఆ రాయిని తెల్లటి చిన్న పళ్ళెంలో పెట్టి, దాన్ని కట్టడానికి కాగితం అందుకోమని అక్కను అడిగాను. ఆమె లేచి, బల్ల మీదుగా వంగి, అటువైపున్న కాగితం తీసి నాకిచ్చింది. నేను రిపోర్టు ప్రింటు కోసం అటు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది.

మొదట నవ్వొచ్చింది. రాళ్ళు ఎగిరిపడటం మాకు కొత్త కాదు. ఇద్దరం వంగి బల్ల మీద చూశాం. కింద చూశాం. కుర్చీలు జరిపాం. క్షణాలు గడిచేకొద్దీ అక్క మొహంలో నవ్వు పోయింది.

“చెల్లే, గా రాయి పోతే ఎట్ల?”

“దొరుకుతది అక్కా. నువ్వేం పరేషాన్ గాకు.”

చెప్పక తప్పలేదు. శేఠ్, మేనేజరు ఇద్దరూ వచ్చారు. మేనేజరు ముందు తలుపు వేసి గడియ పెట్టాడు. గాలికి ఏదీ కదలకూడదని ఏసీ ఆపించాడు, గాలిలో తేమ తీసే యంత్రం కూడా ఆపించాడు. నేల మొత్తం జిగురు టేపుతో అద్దాం. చెత్తను జల్లెడ పట్టాం. ఉక్కపోత మొదలైంది. శేఠ్‌కు గాలాడక, వాన కొడుతున్న వైపుది కాకుండా రెండో కిటికీ తీయించారు. రాయి దొరకలేదు.

అప్పుడు మేనేజరు కెమెరా వీడియో పెట్టించాడు. అందులో నా వీపు కనిపించింది. అక్క వంగడం కనిపించింది. ఆమె పైట కొంగు పళ్ళెం మీదుగా పోవడం, ఆమె కాగితం నాకిచ్చి, తర్వాత చేతిని నడుం దగ్గరికి తీసుకెళ్ళి కొంగు దోపుకోవడం కనిపించింది. మేనేజరు ఆ చేతి దగ్గర వీడియో ఆపాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఆపాడు.

“పొట్లం తెచ్చినవాడు ఈమె మరిది” అన్నాడు హిందీలో, శేఠ్‌తో. “రాయి లేకపోతే దలాల్ బతికిపోతాడు.”

అక్కకు హిందీ బాగా వచ్చు. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు విప్పి చూపించింది.

శేఠ్ నా వైపు చూసి, “నువ్వు వెతుకు. మీ ఊరి మనిషే కదా, ఇబ్బంది ఉండదు” అన్నాడు. ఊరి మనిషి కావడం వల్లే నాకు చచ్చేంత ఇబ్బందిగా ఉందని ఆయనకు ఎలా చెప్పను? పక్కన స్టోరు గది ఉంది. అందులోకి వెళ్ళాం.

“అక్కా, నేను...”

“చెయ్యి జర జల్ది. నిలవడుతుంటే పాణం పోతున్నది.”

ఆమె కొంగు విప్పి దులిపింది. జాకెట్టు చేతులు చూపించింది. జుట్టు ముడి విప్పింది. నేను ఆమె కళ్ళలోకి చూడకుండా వెతికాను. కుచ్చిళ్ళ దాకా వచ్చి ఆగిపోయాను. వాటిని విప్పమని అడగడానికి నా నోరు రాలేదు. బయటికొచ్చి ఏమీ లేదని చెప్పాను. మేనేజరు నన్ను కూడా అదోలా చూశాడు.

యూవీ దీపం మాట ఎత్తింది నేనే. చేత్తో పట్టుకునే దీపం మా దగ్గర ఉంది. ఆ రాయి గుణం నాకు తెలుసు, చీకట్లో అది దాక్కోలేదు. కానీ ఆ మాట నోట్లోంచి బయటికొస్తుంటేనే ఇంకో ఆలోచన తగిలింది. అది ఆమె దగ్గరే దొరికితే? అక్క తీయలేదని నాకు తెలుసు. ఎలా తెలుసు అంటే చెప్పలేను. ఆమెతో ఆటోలో ఇన్నాళ్ళు ప్రయాణం చేశాను కాబట్టి, అంతే.

కిటికీ మూసి తెర దించారు. లైట్లన్నీ ఆర్పాం. ఆ కాంతి కళ్ళకు మంచిది కాదు. కళ్ళజోళ్ళు రెండే ఉన్నాయి. ఒకటి నేను, ఒకటి శేఠ్ పెట్టుకున్నాం. మిగతా ఇద్దరినీ దీపం వెలిగినంతసేపు కళ్ళు మూసుకోమన్నాను.

వెలిగించగానే గది మరో గదిలా మారిపోయింది. శేఠ్ తెల్ల చొక్కా నీలపు మంటలా లేచింది. కాగితాలు, దారపు పోగులు, నేల మీది నలకలు, గోడకున్న ఏప్రన్, అన్నీ వెలుగుతున్నాయి. బట్టల సబ్బుల్లో, కాగితాల తయారీలో తెల్లదనం కోసం కలిపే మందులన్నీ ఆ కాంతికి మెరుస్తాయి. అన్ని మెరుపుల మధ్య ఒక్క రాయిని పోల్చుకోవడం అసాధ్యం. అందుకే దీపం ఆర్పాలి. ఆర్పిన మరుక్షణం ఈ మెరుపులన్నీ చచ్చిపోతాయి. మా రాయి ఒక్కటే బతికి ఉంటుంది.

బల్ల మీద వెలిగించి ఆర్పాను. చీకటి. నేల మీద ఒక్కో మూల వెలిగించి ఆర్పాను. చీకటి. తర్వాత దీపాన్ని నా ఒంటి మీదికే తిప్పుకున్నాను. ఆర్పాను. నా దగ్గరా ఏమీ లేదు.

“ఇప్పుడు ఆమె” అన్నాడు మేనేజరు చీకట్లోంచి.

“అక్కా, కళ్ళు మూస్కో.”

“మూసిన.”

దీపాన్ని ఆమె భుజాల నుంచి కిందికి దించాను. ఎర్రచీర నల్లగా కనిపించింది. ఆర్పాను.

ఆమె నడుం దగ్గర, కుచ్చిళ్ళ మడతలో, చుక్కంత వెలుగు. పొద్దున్న చూసిన అదే రంగు. “కళ్ళు తెరువు అక్కా” అన్నాను. కళ్ళు తెరిచిన అక్క కిందికి చూసుకున్నట్టుంది. “అయ్యో... గిదేంది?” అన్న గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ చుక్క సన్నగిల్లి, సన్నగిల్లి, ఆరిపోయింది.

లైట్లు వేశారు. రాయి మడతలో ఉంది. శేఠ్ ట్వీజర్‌తో తీసి చిన్న డబ్బాలో పెట్టాడు. మేనేజరు ఫోను బయటికి తీసి, పోలీసులకు చెబుదాం అన్నాడు.

“నేను తియ్యలే” అంది అక్క. తెలుగులో అంది. తర్వాత హిందీలో అంది. తర్వాత కుర్చీలో కూర్చుండిపోయింది.

నేను ఆ కుర్చీని చూశాను. రెక్సిన్ కుర్చీ. మీద సింథటిక్ చీర. ఉదయం నుంచి ఆమె లేస్తూ కూర్చుంటూ ఉంది. ఒక్కో రాపిడికీ ఆ గుడ్డలో విద్యుత్తు పోగవుతుంది. లోహమైతే అది వెంటనే పారిపోతుంది. ఇలాంటి గుడ్డలో పారడానికి దారి లేక అక్కడే నిలిచిపోతుంది. అలాంటి కొంగు ఒక రేణువంత రాయి మీదుగా పోతే? తర్వాత ఆ కొంగునే ఆమె నడుం దగ్గర దోపుకుంటే?

“రాయి దానంతట అదే అంటుకుంది శేఠ్‌జీ” అన్నాను. “చూపిస్తాను.”

మేనేజరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “ఆమెను వెతికి ఏమీ లేదన్నది కూడా నువ్వే” అన్నాడు.

శేఠ్ చేయి ఎత్తి అతన్ని ఆపాడు. చూపించు అన్నట్టు నాకు తల ఊపాడు. పనికిరాని పొడి రాళ్ళు కొన్ని పళ్ళెంలో పోశాను. అక్కను కుర్చీలోంచి లేచి, ఇందాకటిలాగే బల్ల మీదుగా వంగమన్నాను. ఆమె లేచింది. వంగింది. కొంగు రాళ్ళ మీదుగా పోయింది.

ఒక్క రాయి కూడా కదల్లేదు.

మళ్ళీ కూర్చుని లేవమన్నాను. మళ్ళీ వంగమన్నాను. ఏమీ లేదు. నేను అనుకున్నది తప్పా? నా మాట వల్ల ఆమె ఇంకా లోతుకు కూరుకుపోయిందా? మేనేజరు ఫోనులో నంబరు వెతుకుతున్నాడు. అక్క నుదుటి నుంచి చెమట ధారగా కారి కొంగు మీద పడింది.

ఆ చెమట చూశాక నాకు మా నాన్న మగ్గాల షెడ్డు తట్టింది. పొడి రోజుల్లో పాలిస్టరు దారాలు ఒకదానికొకటి అతుక్కుని తెగిపోతుంటే, వాళ్ళు నేల మీద నీళ్ళు చల్లేవాళ్ళు. గాలి తడిస్తే దారం మాట వింటుంది అనేవాడు నాన్న. ఉదయం ఈ గది ఎండుటాకులా పొడిగా ఉంది. ఇప్పుడు ఏసీ లేదు, తేమ తీసే యంత్రం లేదు, వానగాలి లోపలికొచ్చింది. నలుగురి చెమట కూడా తోడైంది. పోగైన విద్యుత్తు ఆ తేమలోంచి ఎప్పుడో జారిపోయింది.

“గది పొద్దున్న ఉన్నట్టు లేదు శేఠ్‌జీ. ఏసీ, తేమ తీసే యంత్రం రెండూ వేయించండి. తలుపు మూసి ఉంచండి. గోడ మీద తేమ కొలిచే మీటరులో ముల్లు పొద్దున్న ఉన్న గుర్తుకు దిగాక మళ్ళీ చేస్తాను.”

“నాటకం” అన్నాడు మేనేజరు.

శేఠ్ గడియారం వైపు చూశాడు. “దలాల్ వచ్చేదాకా” అన్నాడు.

ఏసీ కింద అక్కను నిలబెట్టాం. చీర చెమ్మ ఆరాలి. చేతులు ఒంటికి తగలనివ్వొద్దని మేనేజరు చెప్పాడు. ఆమె చేతులు పక్కలకు ఎడంగా పెట్టుకుని, చిన్నపిల్లకు కొత్త బట్టలు కొలుస్తున్నప్పుడు నిలబెట్టినట్టు నిలబడింది. యంత్రం గుర్రుమంటోంది. ముల్లు కదలడం లేదనిపించింది. చూపు తిప్పుకుని మళ్ళీ చూస్తే కొంచెం దిగింది. మళ్ళీ ఆగింది. బయట మెట్ల మీద చప్పుడైంది. దలాలు వచ్చాడని కబురు. ముందు గదిలో కూర్చోబెట్టమన్నాడు శేఠ్. ఆయన కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

ముల్లు పొద్దుటి గుర్తుకు కాస్త ఎగువనే ఉంది. ఇంక ఆగడానికి లేదు.

“రా అక్కా” అన్నాను.

ఆమె కుర్చీలో కూర్చుని లేచింది. లేస్తుంటే చీర రెక్సిన్‌ను వదలకుండా చిటపటమంది. ఆ చప్పుడు శేఠ్ విన్నాడు. తల ఎత్తాడు. ఆమె బల్ల మీదుగా వంగింది.

పళ్ళెంలో రాళ్ళు చిందులేశాయి. రెండు మూడు అంచు దాటి దొర్లాయి. ఒకటి లేచి కొంగుకు అంటుకుంది. అక్క చేతులు గాల్లోనే ఉన్నాయి.

“ఆమె ఏదో చేస్తోంది” అన్నాడు మేనేజరు. ఈసారి గొంతులో పట్టు లేదు.

శేఠ్ లేచి వచ్చాడు. “బెన్, అనుమతి ఉందా?” అని చెల్లెల్ని అడిగినట్టు అడిగాడు. అక్క తల ఊపాక కొంగు చివర తన వేళ్ళతో పట్టుకుని, కుర్చీ వీపుకు రుద్ది, పళ్ళెం మీద పట్టుకున్నాడు. రాళ్ళు ఎగిరి అంటుకున్నాయి. దులిపాడు. రెండు రాలాయి, ఒకటి రాలలేదు. ఇంకా గట్టిగా దులిపాడు. రాలలేదు. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా రాళ్ళ మధ్య బతికిన మనిషి ఆయన.

తర్వాత డబ్బా తీసుకుని దలాలు దగ్గరికి వెళ్ళబోయాడు. అప్పుడు మాట్లాడింది అక్క. హిందీలో, నెమ్మదిగా. “శేఠ్‌జీ, నేను వంగింది ఆ కెమెరా చూసింది. నేను దొంగను కాదని కూడా దానికి కనబడాలి.”

కెమెరాకు మాట వినబడదు. వెళ్ళబోయిన శేఠ్ వెనక్కి తిరిగాడు. డబ్బా బల్ల మీద పెట్టి, కెమెరా కిందికి వచ్చి నిలబడి, ఆమె వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. మేనేజరును చూశాడు. అతను కూడా జోడించాడు, తల వంచుకుని.

దలాలు రాయిని చూసి ఏమీ వాదించలేదు. పొట్లం వెనక్కి తీసుకుపోయాడు. ఎవరు కలిపారో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఆ తర్వాత మా గదిలో రెక్సిన్ కుర్చీలకు గుడ్డ తొడుగులు వచ్చాయి. మణికట్టుకు కట్టుకుని నేలకు కలిపే తీగలు వచ్చాయి.

ఆ సాయంత్రం ఆటోలో ఇద్దరమే ఉన్నాం. వాన తగ్గలేదు. అక్క సంచిలో తడి కాటన్ చీర, ఒంటి మీద ఆ ఎర్రచీర. లింబాయత్ దగ్గరపడుతుండగా ఆమే అంది.

“నువ్వు కళ్ళు తెరువమన్నంక నాకు గదే ముందు కనబడ్డది చెల్లే. నా నడుముల మెరుస్తున్నది. గా ఒక్క గడియ... నేనే తీసిన్ననుకున్న. యాదికి లేకుంట తీసిన్నేమో అనుకున్న.”

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె వదిలించుకోలేదు.

మర్నాడు ఆమె రాదనుకున్నాను. వచ్చింది. మరో రెండు నెలలు పనిచేసి, దీపావళి సెలవుల తర్వాత మానేసింది. ఇప్పుడు మా వీధి చివర ఒక ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఎందుకు మానేశావని నేను అడిగినప్పుడు, మిషను మీదికి చూపు దించుకుని ఒకటే మాట అంది. “ఆడ అందరు మంచిగనే మాట్లాడుతుండిరి చెల్లే. కని నేను వంగినప్పుడల్ల ఎవలో ఒకలు తల ఎత్తి చూస్తుండిరి.”